వైకల్యమునకు కొలబద్ద

జ్వరమును కొలుచుటకు థర్మామీటరు కలదు. రక్తపు పోటును కొలుచుటకు వేరొక యంత్రము కలదు. ఒంటిలో చక్కెర యెంత యున్నదో ఒక్క రక్తపు బొట్టు చెప్పివేయును. కాని ఒక మనిషి తన జబ్బువలన ఎంతవరకు అశక్తుడైనాడో కొలిచి చెప్పుమన్నచో, అందుకు తగిన యంత్రము వైద్యుని సంచిలో లేదు. ఆ పనిని అతడు తన కన్నులతోను, చేతులతోను, ఒక చిన్న సుత్తితోను, ఒక శ్రుతిదండముతోను, వీటన్నిటికంటె ముఖ్యముగా తన చెవులతోను చేయవలసి యున్నది. నాడీ వ్యాధుల వైద్యుడనై నేను చాలకాలముగా ఈ పని చేయుచున్నాను. ఇందులో నేను చేసిన ఒక పొరపాటును కూడ ఈ ప్రసంగములో మీకు చెప్పెదను. ఆ పొరపాటు లేకున్నచో బహుశః ఈ విషయమునుగూర్చి మాటలాడవలెనని నాకు తోచియుండదు.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అను వ్యాధి పేరును మీలో కొందరు వినియుందురు, పెక్కుమంది వినియుండరు. ఐరోపా, ఉత్తర అమెరికా ఖండములలో వలె మన దేశమున ఇది తరచుగ కనబడునది కాదు. ఐనను అరుదని చెప్పి తోసివేయదగినదియు కాదు. లోకమంతట కలిపి సుమారు 28 లక్షల మంది దీనితో బ్రదుకుచున్నారని 2020లో అంచనా కట్టిరి. సాధారణముగ 20 మొదలు 40 ఏండ్ల వయస్సులోపల, అనగా చదువు ముగించి ఉద్యోగములోనో సంసారములోనో కుదురుకొను కాలమున, ఇది మొదలగును. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు హెచ్చుగ వచ్చును.

మెదడులోను, వెన్నుపాములోను ఉన్న నరపు పోగులమీద మైలిన్ అను కొవ్వు తొడుగు కలదు. విద్యుత్తీగమీద రబ్బరు తొడుగు ఎట్టిదో ఇదియు నట్టిదే యనుకొనవచ్చును. శరీరమును కాపాడవలసిన రక్షణ కణములే దారితప్పి ఈ తొడుగుమీద పడి దానిని కొరికివేయుట ఈ వ్యాధి లక్షణము. తొడుగు పోయినచోట మెదడు పంపిన వార్త మెల్లగ నడచును, లేదా దారిలోనే ఆగిపోవును. కాలక్రమమున అచ్చట గట్టిపడిన మచ్చ మిగులును. స్క్లెరోసిస్ అనగా గట్టిపడుట. అట్టి మచ్చలు పలుచోట్ల నుండుటచేత మల్టిపుల్ అనిరి. పారిస్ నగరమున సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో పనిచేసిన షార్కో అను మహావైద్యుడు 1868లో దీనిని ఒక ప్రత్యేక వ్యాధిగ గుర్తించి వర్ణించెను. కనుగ్రుడ్లు అదరుట, వస్తువును అందుకొనబోవునపుడు చేయి వణకుట, మాట ముక్కలుముక్కలుగా వచ్చుట అను మూడింటిని అతడు దీని గుర్తులుగ చెప్పెను.

ఇప్పుడు చిక్కెక్కడ వచ్చుచున్నదో చూడుడు. ప్రమాదములో కాలు పోయినవాని వైకల్యము కంటికి కనబడును, నేడున్నట్లే రేపును ఉండును. చిన్నతనమున పోలియో సోకి కాలు సన్నబడినవానిదియు నంతే. మల్టిపుల్ స్క్లెరోసిస్ అట్టిది కాదు. మచ్చ ఎచ్చట పడినదో దానినిబట్టి బాధ. ఒకరికి చూపు, ఒకరికి నడక, ఒకరికి మూత్రము, మరియొకరికి జ్ఞాపకము. అది వచ్చును, కొన్ని వారములుండి తగ్గును, మరల ఇంకొక చోట వచ్చును. కొందరికి మొదటినుండియో, కొన్నియేండ్ల తరువాతనో తగ్గుట యన్నది లేక మెల్లమెల్లగ ముదురుచు పోవును. ఇద్దరు రోగులను ప్రక్కప్రక్కన నిలిపి వీరిలో ఎవరికి హెచ్చు వైకల్యమని యడిగినచో, ఒకరు కుంటుచు నడచుచుందురు, ఇంకొకరు చక్కగ నడచి వచ్చి తమ బిడ్డ పుట్టినదినము మరచితిమని చెప్పుచుందురు. ఏది హెచ్చు?

ఈ ప్రశ్నకు నేడు లోకమంతట వైద్యులు వాడుచున్న జవాబు ఒక మందుకొరకు పుట్టినది. క్షయరోగమునకు ఐసోనియజిడ్ అను మందు 1952లో వాడుకలోనికి వచ్చెను. అమెరికాలో మాజీ సైనికులకొరకు నడచు ఆసుపత్రులలో జాన్ కుర్ట్స్కే అను యువ వైద్యుడుండెను. ఈ క్రొత్త మందు మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులకు గూడ మేలుచేయునేమో యని అచ్చట నొక ఆశ పుట్టినది. మేలు చేసినదని తేల్చుట యెట్లు? కొంచెము నయము, బాగుగ నున్నది, మునుపటివలెనే యున్నది అను మాటలతో లెక్క కుదరదు గదా. అందుచేత కుర్ట్స్కే 0 మొదలు 10 వరకు మెట్లు గల యొక కొలబద్దను కల్పించి 1955లో ప్రకటించెను. 0 అనగా పరీక్షలో ఏ లోపమును కానరాకుండుట. 10 అనగా ఈ వ్యాధివలన మరణము. పెక్కు ఆసుపత్రులు కలిసి జరిపిన పరీక్షలో ఐసోనియజిడ్ ఈ వ్యాధికి పనికిరాదని 1957లో తేలినది. దానికొరకై చేసిన కొలబద్ద మాత్రము నిలిచినది. 1983లో కుర్ట్స్కేయే దాని మెట్లమధ్య అరమెట్లను చేర్చెను. 0కును 1కిని నడుమ మాత్రము అరమెట్టు లేదు; కావున మొత్తము 20 మెట్లు. ఆంగ్లనామములోని మొదటి అక్షరములను కూర్చి దీనిని ఇ.డి.ఎస్.ఎస్. అని పిలుచుచున్నారు.

ఈ మెట్లలో రోగి ఎచ్చట నిలుచునో తెలియుటకు ముందు వైద్యుడు నాడీమండలమును ఎనిమిది శాఖలుగ విడదీసి ఒక్కొక్కదానిని పరీక్షించి అంకె వేయవలెను. కండరములకు ఆజ్ఞలు కొనిపోవు మార్గము, చిన్న మెదడు, మెదడు కాండము, స్పర్శ, మలమూత్రముల అదుపు, చూపు, బుద్ధి యను ఏడును, వీనిలో చేరని యితర లోపములను ఒకటిగ కట్టిన యెనిమిదవదియు. అంకె చిన్నదైనను దానివెనుక నున్న పరీక్ష చిన్నది కాదు.

మొదటి శాఖకు సుత్తి చాలును. మోకాలిచిప్పక్రింద కొట్టినచో కాలు ఎంత విసురుగ లేచునో చూతుము. అరికాలిని మడమనుండి వ్రేళ్లవైపునకు గీచినపుడు బొటనవ్రేలు క్రిందికి వంగవలెను. మీదికి లేచినచో ఆజ్ఞలు పోవు మార్గము చెడినదని అర్థము. ఈ గుర్తును 1896లో చెప్పిన బాబిన్స్కీ షార్కోకు శిష్యుడే. స్పర్శకు శ్రుతిదండమును మ్రోగించి చీలమండ ఎముకమీద నిలుపుదుము. అదురు ఎప్పుడు ఆగినదో రోగి కన్నులు మూసికొని చెప్పవలెను. కాని మన దేశపు వైద్యుడు దీనికంటె మంచి ప్రశ్నను ఒకటి అడుగును: “నడచుచుండగా చెప్పు కాలినుండి జారిపోవుచున్నదా? జారిన సంగతి మీకు తెలియుచున్నదా?” తెలియక నాలుగడుగులు వేసి వెనుదిరిగి చూచుకొనుచున్నానని చెప్పినచో, శ్రుతిదండము చెప్పబోవునది ముందే తెలిసినట్లు. ఇంకొకటి, ముఖము కడుగుకొనునపుడు తూలుట. కన్నులు తెరచియున్నంతసేపు చూపే కాళ్లకు ఆధారము. సబ్బు నురుగుకు కన్నులు మూయగనే, పాదములు ఎచ్చట నున్నవో మెదడునకు తెలియక మనిషి ముందునకు తూలును. దొడ్డిలో నూతిగట్టువద్ద ముఖము కడుగుచు పడితినని చెప్పిన రోగులను నేను చూచితిని.

చూపును ఒక్కొక్క కంటికి వేరువేరుగ పరీక్షింపవలెను. రెండు కన్నులు తెరచియుండగా మంచి కన్ను చెడ్డకంటి లోపమును కప్పివేయును. దృష్టి నాడికి ఈ వ్యాధి సోకి తగ్గినవారికి అక్షరములు మరల కనబడినను రంగు పూర్తిగ తిరిగిరాకుండుట కలదు. ఒక కంటికి కుంకుమ ఎర్రగాను, రెండవకంటికి వెలిసినట్లుగాను తోచును. చిన్న మెదడు సంగతి తెలియుటకు వ్రేలితో ముక్కును తాకుమందుము, ఒకే గీతమీద మడమకు వ్రేళ్లు తగులునట్లు నడువుమందుము. ఇంటిలో దీనికి సాక్ష్యము కాఫీ గ్లాసు. నోటిదగ్గరకు వచ్చుసరికి తొణికినచో చాలును.

అన్నిటికంటె కష్టమైనది మూత్రమునుగూర్చి అడుగుట. సుత్తిదెబ్బకు ఇది తెలియదు, అడిగిననే తెలియును. అడిగినను అత్తగారు ప్రక్కన నున్నపుడు వచ్చు జవాబు ఒకటి, ఆమె వెలుపలికి పోయిన తరువాత వచ్చునది వేరొకటి. “బస్సు ప్రయాణమన్నచో ముందురోజు సాయంత్రమునుండి నీరు త్రాగుట మానివేయుదునండీ” అని ఒకామె నాతో చెప్పినది. మూడేండ్లుగ ఆమెను చూచుచు ఆ శాఖలో నేను సున్న వేయుచు వచ్చితిని. ఏలనగా నేను అడిగినది “ఏమైన ఇబ్బంది యున్నదా?” అని మాత్రమే. మర్యాదగల స్త్రీ ఎవరును ఆ ప్రశ్నకు ఉన్నదని చెప్పరు. ఇప్పుడు “త్రోవలో ఆపుకొనలేక పోవుదురా? రాత్రి యెన్నిసార్లు లేతురు? బయలుదేరుటకు ముందు నీరు మానివేయుదురా?” అని విడివిడిగ అడుగుచున్నాను.

ఇక మెట్ల విషయము. 3.5 వరకు ఈ శాఖల అంకెలే మెట్టును నిర్ణయించును. రోగి ఊతలేక హాయిగ నడచుచున్నాడనియే అచ్చట అర్థము. 4 మొదలు నడకయే అధికారి. ఊతగాని విశ్రాంతిగాని లేక 500 మీటర్లు నడువగలిగినచో 4. 300 మీటర్లైనచో 4.5, 200 మీటర్లకు 5, 100 మీటర్లకు 5.5. ఒక చేతికర్రనో, ఒక ప్రక్క మనిషినో ఊతగ గొని 100 మీటర్లు నడువవలసి వచ్చినచో 6. రెండు ప్రక్కల ఊతతో 20 మీటర్లు పోగలిగినచో 6.5. ఊతయున్నను అయిదు మీటర్లు దాటలేక, చక్రాల కుర్చీలో తానే తిరుగువారు 7. అటుపిమ్మట కుర్చీ, మంచము. 8లో చేతులింకను పనిచేయుచుండును. 9లో మంచముననే యుండి మాటలాడుటయు, తినుటయు మాత్రము మిగులును.

వినుటకు ఇంత తేటగ నున్నది గదా. ఇక నా పొరపాటు.

కృష్ణాతీరమున ఒక పల్లెలో ఉపాధ్యాయినిగ నున్న యొకామె నావద్దకు వచ్చుచుండెడిది. ఆనాడు పుష్యమాసపు ఉదయము, తొమ్మిది గంటలు. ఆమె తలుపునుండి కుర్చీవరకు నడచివచ్చెను. కొంచెము కాలు ఈడ్చుచున్నట్లున్నను బాగుగనే నడచెను. సుత్తి, శ్రుతిదండము, అక్షరముల పట అన్నియు యథావిధిగ జరిగెను. “ఎంతదూరము నడువగలరమ్మా?” అని యడిగితిని. “బడికి నడచియే పోవుదునండీ, డాక్టరుగారూ” అనెను. బడి యెంతదూరమని యడిగితిని. అర కిలోమీటరు పైన నుండుననెను. నేను 3.5 అని వ్రాసి సంతకము చేసితిని. బయట పాతికమంది రోగులు వేచియుండిరి.

ఆ కాగితమునే ఆమె వైకల్య ధ్రువపత్రముకొరకు తీసికొనిపోయినది. పింఛనుకొరకు కాదు, ఇంటికి దగ్గరి బడికి బదిలీ కోరుటకు ఆ పత్రము తోడగునని ఆమె ఆశ. చూచిన బోర్డువారు వేసిన అంకె నూటికి 40కి తక్కువ. నా కాగితమును చూచినవారు వేరుగ వేయుదురని నేను అనుకొనుటయు లేదు. ఊతలేక హాయిగ నడచునని నేనే వ్రాసియిచ్చితిని గదా.

మరల వచ్చినపుడు ఆమె ఏమియు ఫిర్యాదు చేయలేదు. వెంటవచ్చిన భర్త మాత్రము మెల్లగ, “అయ్యా, బడికి నడచి పోవుననుట నిజమేనండి. రామాలయము అరుగుమీద ఒకసారి, కాలువ వంతెనమీద ఒకసారి కూర్చుండి పోవును. తిరిగివచ్చునపుడు నేను సైకిలుమీద తీసికొని వత్తును” అనెను. నాకు మాట రాలేదు. ఆమె అబద్ధమాడలేదు. నేను అడిగినది ఎంతదూరము నడువగలరని. అడుగవలసినది ఎచ్చటను ఆగకుండ ఎంతదూరమని. అసలు అడుగుటయే తప్పు, కొలువవలెను. ఆసుపత్రి వరండా చివరినుండి చివరకు 40 మీటర్లు. ఆమెను దానిమీద నడపించి నేను వెంట నడచితిని. మూడవమారు తిరుగునపుడు కుడిపాదపు వ్రేళ్లు నేలను రాచుట వినబడెను. అయిదవమారు ముగియునప్పటికి ఆమె గోడపట్టుకొని నిలిచెను. 200 మీటర్లు. అనగా 5వ మెట్టు. ఆమె జబ్బు అప్పటికి ముదురలేదు. సుత్తి, శ్రుతిదండము మునుపు చెప్పినదే చెప్పెను. నా కలము మాత్రము ఒకటిన్నర మెట్టు తప్పినది.

ఈ తప్పు నా యొక్కనిదే యని మీరు అనుకొనరాదు. ఈ కొలబద్దతో ఒకే రోగిని ఇద్దరు వైద్యులు కొలిచినపుడు, ముఖ్యముగ క్రింది మెట్లలో, అంకెలు కలియకపోవుట పరిపాటి. స్విట్జర్లండు దేశమున బాసెల్ నగరపు వైద్యులు దీనికై ఒక శిక్షణను ఏర్పరచిరి. మందుల పరీక్షలలో పనిచేయు వైద్యులు దానిలో ఉత్తీర్ణులై యుండవలెనను నియమము చాలచోట్ల నున్నది. నేనును ఆ పరీక్ష వ్రాసియే యుంటిని. వ్రాసినవాడు సైతము వరండాకు పోవుటకు బద్ధకించునని దీనివలన తెలియుచున్నది.

ఇంకొక సంగతి, ఎండ. 1890లో ఊట్‌హాఫ్ అను జర్మను నేత్రవైద్యుడు, ఈ వ్యాధిగల కొందరికి శ్రమపడినపుడు చూపు మసకబారి విశ్రాంతి తరువాత మరల తేటపడుచున్నదని వ్రాసెను. శ్రమకంటె ఒంటివేడి దీనికి ముఖ్యకారణమని తరువాత తెలిసినది. తొడుగుపోయిన నరములో వేడి కొంచెము పెరిగినను వార్త ఆగిపోవును. ఎం.ఆర్.ఐ. యంత్రము రాకముందు, వ్యాధిని గుర్తించుటకై రోగిని వేడినీటి తొట్టెలో కూర్చుండబెట్టి చూచుట గూడ కలదు. వేడినీటి తొట్టె మనకేల? రోహిణికార్తెలో మిట్టమధ్యాహ్నము ఆరుబయట పది నిమిషములు నిలిచిన చాలును. పుష్యమాసపు ఉదయమున 500 మీటర్లు నడచిన మనిషియే రోహిణిలో మధ్యాహ్నము 100 మీటర్లు నడువలేకపోవచ్చును. ఈ రెండింటిలో ఏది ఆ మనిషి వైకల్యము? కుర్ట్స్కే మెట్లలో ఋతువునకు చోటులేదు. నేను ఇప్పుడు కాగితముమీద మెట్టుతోపాటు మాసమును, వేళను గూడ వ్రాయుచున్నాను. దానిని చదువువారు లెక్కచేయుదురో లేదో వారి యిష్టము.

ఈ కొలబద్దకు విమర్శకులు మొదటినుండియు కలరు. వారి మాటలలో నాకు అన్నిటికంటె సబబుగ తోచినది ఇది: మెట్లమధ్య ఎడము సమానము కాదు. గజము బద్దమీద రెండవ అంగుళమునకును మూడవ అంగుళమునకును నడుమ ఎంత దూరమో, ఆరవదానికిని ఏడవదానికిని నడుమ అంతే దూరము. ఇచ్చట 1నుండి 2కు పోయినవాడు తన పనులు మునుపటివలెనే చేసికొనుచుండును. 6నుండి 7కు పోయినవాడు కర్రను విడిచి కుర్చీలోనికి పోయినాడు. ఐనను లెక్కలు వ్రాయువారు వీనిని కూడి, భాగించి, సగటు మెట్టు 3.27 అని వ్రాయుదురు. మెట్లకు సగటు తీయుట ఇంటినంబర్లకు సగటు తీయుటవంటిదే. రోగులును ఈ మెట్లమీద సమముగ పరచుకొని యుండరు. 1 మొదలు 3 వరకు చాలమంది, 6 ప్రాంతమున మరల చాలమంది. 4, 5 మెట్లలో పలుచన. ఆ నడిమి మెట్లను మనిషి త్వరగ దాటిపోవును.

రెండవ విమర్శ చేతులను గూర్చియు, బుద్ధిని గూర్చియు. నడక అధికారియైన తరువాత తక్కినవన్నియు మరుగుపడును. అన్నము కలుపుకొని ముద్దచేయలేనివారు, చీర కుచ్చిళ్లు పెట్టుకొనలేనివారు, పూలు కట్టలేనివారు 4వ మెట్టుననే యుండవచ్చును, 500 మీటర్లు నడచినచో. రోగులలో సుమారు సగముమందికి ఆలోచనా వేగము, జ్ఞాపకము కొంతవరకు తగ్గుచున్నవి. సుత్తితో పరీక్షించు వైద్యుడు దానిని కనుగొనుట అరుదు. పలుకరించినచో చక్కగ జవాబు చెప్పుదురు. లెక్కల పుస్తకము ముందు పెట్టుకొన్నపుడే వారికి తెలియును. అలసట సంగతి చెప్పనక్కరలేదు. రోగులు అన్నిటికంటె హెచ్చుగ చెప్పునది అదియే, వైద్యులు అన్నిటికంటె తక్కువగ వ్రాయునదియు నదియే. “పని చేయుటకు ముందే పనిచేసి అలసినట్లుండును” అని చెప్పినవారు నాకు పెక్కుమంది కలరు.

ఈ లోపములను కొంత తీర్చుటకై అమెరికాలోని నిపుణులు 1999లో మూడు చిన్న పరీక్షలను కూర్చిరి. 25 అడుగుల దూరమును ఎన్ని సెకండ్లలో నడచునో గడియారముతో చూచుట మొదటిది. తొమ్మిది రంధ్రములున్న పలకలో తొమ్మిది చిన్న మేకులను ఒకచేతితో పెట్టి మరల తీయుటకు ఎంత కాలము పట్టునో చూచుట రెండవది; రెండు చేతులకును వేరువేరుగ చేయింతురు. మూడవది చెవితో విను లెక్క. మూడు సెకండ్లకొక అంకె వినబడుచుండును. ప్రతి అంకెను దానికి ముందు వినబడిన అంకెతో కూడి చెప్పవలెను. 3, 5 వినబడినచో 8 అనవలెను. పిమ్మట 2 వినబడినచో 7 అనవలెనేకాని 10 అనరాదు. వినుటకు సులభము. ఇంటివద్ద ఎవరిచేతనైన చదివించుకొని ప్రయత్నింపుడు! జబ్బులేని నేనును పదునైదు అంకెలకు తడబడితిని. రోగులకు ఇది యెంత కష్టముగ తోచినదనగా, ఇప్పుడు చాలచోట్ల దీనిని మాని, గుర్తులకెదురుగ అంకెలు చెప్పు తొంబది సెకండ్ల పరీక్షను వాడుచున్నారు. 25 అడుగుల నడకలో కాలము నూటికి 20 వంతులు పెరిగినచో అది నిజమైన మార్పని సాధారణముగ ఎంచుచున్నారు. ఇవి అన్నియు మంచివే. పలకను నా గదిలో ఉంచుకొని వాడుచున్నాను. ఐనను ఇవి కుర్ట్స్కే కొలబద్దను తొలగింపలేదు. లోపములున్న పాత కొలబద్ద అందరికిని తెలిసినదై యుండుట గూడ ఒక గుణమే.

ఈ అంకెలవలన ఇంత తర్జనభర్జన యేల యని కొందరు అడుగుదురు. కెనడా దేశములో లండన్ అను పేరుగల నగరమొకటి కలదు. అచ్చటి వైద్యులు రోగులను ఏండ్లతరబడి వెంబడించి చూచి 1989లో ప్రకటించినదానినిబట్టి, వారిలో సగముమంది చేతికర్ర మెట్టుకు, అనగా 6కు, చేరుటకు సుమారు 15 ఏండ్లు పట్టినది. అది మందులు లేనికాలపు లెక్క. మొదటి మందు ఇంటర్ఫెరాన్ బీటాకు అమెరికాలో 1993లో అనుమతి దొరకినది. అప్పటినుండి వచ్చిన మందులు పనిచేయుచున్నవో లేదో తేల్చినది చాలవరకు ఈ మెట్లే. మొదటినుండి మెల్లగ ముదురు రకమునకు 2017లో అనుమతి పొందిన ఆక్రెలిజుమాబ్ అను మందునే తీసికొనుడు. దాని పరీక్షలో 5.5వరకు ఉన్నవారు ఒక మెట్టు, అంతకు మీదివారు అరమెట్టు ఎక్కి, అది 12 వారములు నిలిచినచో జబ్బు ముదిరినట్లు లెక్క. 3కును 6.5కును నడుమ నున్నవారినే అందులో చేర్చుకొనిరి. కుర్చీలో నున్నవారికి చేతులైనను నిలుచునా యన్న ప్రశ్నకు ఆ పరీక్షలో తావులేకపోయెను. ఆలోచించి చూడుడు: వైద్యుడు వరండాకు పోవుటకు బద్ధకించి అరమెట్టు తప్పు వ్రాసినచో, మంచి మందు పనికిరానిదిగ తేలవచ్చును, పనికిరానిది మంచిదిగ తేలవచ్చును.

మందు సంగతి అటుండ, మన దేశమున అంకెకు వేరొక బలము కలదు. 1995నాటి వికలాంగుల చట్టములో వైకల్యములు ఏడే. వానిలో ఈ వ్యాధి పేరు లేదు. కాళ్లు పడిపోయినచో చలనవైకల్యమనియో, చూపు పోయినచో అంధత్వమనియో చెప్పుకొనవలసి వచ్చెడిది; అలసటకును, తూలుటకును, మూత్రపు బాధకును ఏ గడియును లేదు. 2016లో చేసిన దివ్యాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములను పేర్కొనినది. దీర్ఘకాలిక నాడీ వ్యాధులక్రింద మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు అందులో స్పష్టముగ వ్రాయబడినది. ఆ చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చెను. చట్టము ఇచ్చు ముఖ్యమైన సౌకర్యములకు నూటికి 40కి తగ్గని వైకల్యము ఉండవలెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సదరం అను పేర మొదలైన శిబిరములలో ధ్రువపత్రముకొరకు వరుసలో నిలుచువారికి ఈ 40 అను అంకె దేవుని పేరువలె కంఠస్థము. 39కిని 41కిని నడుమ, ఆ మనిషి ఇంటిలో మెట్లెక్కుటలోగాని, బావి తోడుటలోగాని, ఏ భేదమును ఉండదు. పత్రములో మాత్రము ఆకాశమునకును భూమికిని ఉన్నంత భేదము.

మన ఇండ్లలోని అవసరములను ఏ కొలబద్దయు అడుగదు. నేలమీద కూర్చుండి లేచుట, గొంతుక్కూర్చుండు మరుగుదొడ్డి, ఎత్తైన బస్సుమెట్టు, వానలో బురదసందు. అమెరికా ఆసుపత్రి వరండాలో 300 మీటర్లు పోవు మనిషి మన ఊరి సందులో ఎంత పోవును? 2001లో ప్రపంచ ఆరోగ్యసంస్థ వైకల్యమును వర్గీకరించు విధమును మార్చి, అవయవపు లోపము ఒకటి, మనిషి చేయగల పని వేరొకటి, అతని చుట్టునున్న ఇల్లు, వీథి, జనము ఇంకొకటి, మూడింటిని కలిపి చూడవలెనని చెప్పెను. సరియైన మాట. ఆ మూడవదానిని కొలుచు సుత్తి మాత్రము నావద్ద లేదు. అందుచేత రోగిని ఇంటినుండి ఆసుపత్రికి ఎట్లు వచ్చితిరో చెప్పుమని, ఎచ్చటెచ్చట ఆగినదియు అడిగి వ్రాసికొనుచున్నాను. దానికి ఐదు నిమిషములు పట్టును.

రోగము తిరుగబెట్టిన వెంటనే వేసిన అంకెను నమ్మరాదని గూడ చెప్పవలెను. కొత్తగ కాలు పడిపోయిన మనిషి ఆనాడు 7లో నుండి, చికిత్స జరిగి కొన్ని నెలలు గడచునప్పటికి 3కు దిగవచ్చును. మూడు నెలలకో ఆరు నెలలకో మరల కొలిచిన అంకెయే నిలుకడ గలది. ధ్రువపత్రపు నియమములలో గూడ, మారుటకు వీలున్న వైకల్యమునకు గడువు వేసి పత్రమిచ్చు పద్ధతి యున్నది. గడువు పత్రము చేతికి వచ్చిన రోగికి తనను నమ్మలేదేమో యని తోచును. అది నమ్మకపోవుట కాదని చెప్పుటకు నేను ప్రయత్నింతును, అందరును వినరు.

ఆ ఉపాధ్యాయినికి నేను క్రొత్త కాగితము వ్రాసియిచ్చితిని. మొదటి కాగితములో తప్పు నాదని దానిలో స్పష్టముగ వ్రాసి, కొలిచిన దూరమును, దినమును, వేళను, పాదము రాచుకొనిన సంగతిని చేర్చితిని. రెండవమారు చూచిన బోర్డువారు 40 దాటిన అంకె వేసి, గడువుతో పత్రమిచ్చిరి. బదిలీ దొరకుటకు ఇంకొక ఏడాది పట్టినది. ఇప్పుడు బడి ఆమె ఇంటికి రెండు వీథుల అవతల నున్నది, మధ్యలో వంతెన లేదు.

ఆ గడువు వచ్చు వైశాఖముతో తీరుచున్నది. ఆమె ఎప్పటివలెనే ఉదయము తొమ్మిది గంటలకు వత్తునని కబురుపంపినది. మధ్యాహ్నము మూడు గంటలకు రమ్మని నేను జవాబు వ్రాసితిని.